పద్దుల పుస్తకంలో తప్పులు: పేగులకీ మెదడుకీ మధ్య ఒక లివర్ కేసు

పేషెంటును ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. నేను చేసిన పొరపాటును మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

ఆయనకి 58 ఏళ్ళు. పల్నాడులో ఒక చిన్న టౌన్లో కిరాణా కొట్టు. షుగర్ వచ్చి 14 ఏళ్ళయింది. రెండేళ్ళ క్రితం కాళ్ళు వాస్తే స్కాన్ తీయించారు. లివర్ గట్టిపడి గరుకుగా ఉందని తేలింది, అంటే సిర్రోసిస్. తాగని మనిషికి లివర్ పాడవడమేమిటని చుట్టుపక్కల గుసగుసలు నడిచాయట. అందుకే కాబోలు, ఆయన భార్య నా గదిలోకి వచ్చి కూర్చోగానే రోగం సంగతి ఎత్తలేదు. "మావారు చుక్క కూడా ముట్టరండీ" అన్నారు ముందుగా. నేను నమ్మాను. షుగర్, పొట్ట, ఫ్యాటీ లివర్ కలిసి ఏళ్ళ తరబడి నడిచి సిర్రోసిస్ దాకా వెళ్ళిన కేసులు ఇప్పుడు మా ఓపీలో కొత్త కాదు. తాగుడు ముద్ర పడుతుందన్న భయంతో లివర్ జబ్బును దాచుకునే కుటుంబాలే మాకు పెద్ద తలనొప్పి.

గొడవ బయటపడింది బ్యాంకులో. టోకు వ్యాపారికి ఇచ్చిన చెక్కు సంతకం కలవలేదని వెనక్కి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఒకటే సంతకం పెట్టే మనిషి. ఆయన భార్య పద్దుల పుస్తకం తీసి చూశారు. 340 రాయాల్సిన చోట 3040 ఉంది. ఒకే ఖాతాదారు పేరు ఒకే రోజు మూడుసార్లు ఉంది. చివరి వారం పేజీల్లో అంకెలు గీత మీద నిలబడలేదు, కిందికి జారుతూ పోయాయి. ఆ పుస్తకం ఆవిడ నాకు తెచ్చి చూపించారు. ఆరోజు చేయించిన పరీక్షలన్నిటికన్నా ఎక్కువ సంగతులు దాన్నుంచే తెలిశాయంటే అతిశయోక్తి కాదు.

పది రోజులుగా పగలంతా కునుకుపాట్లు, రాత్రంతా జాగారం. అర్ధరాత్రి లేచి కొట్టు తాళాలు వెతికేవారట. "నిద్ర పట్టడం లేదు కదా" అని ఎవరో మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చిపెట్టారు. రెండు రోజులు వేశారు. మూడో రోజు పొద్దున చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని, పూజగది మూలకి వెళ్ళి మూత్రం పోశారు. ఇంట్లో ఏడుపులు. గాలి సోకిందన్నవాళ్ళు ఉన్నారు, పక్షవాతం అన్నవాళ్ళు ఉన్నారు, మతిమరుపు జబ్బు మొదలైందన్నవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఫోన్లో మాట్లాడి, "నాన్న నన్ను గుర్తుపట్టారు గానీ మాట చాలాసేపటికి వచ్చింది" అని ఆ రాత్రే బండెక్కి వచ్చాడు.

నేను చూసేసరికి మనిషి మత్తుగా ఉన్నారు, పిలిస్తే పలుకుతున్నారు. ఏ వారమంటే గురువారం నాడు సోమవారం అన్నారు. సంవత్సరం సరిగ్గానే చెప్పారు. కళ్ళు కొద్దిగా పచ్చగా, అరచేతులు ఎర్రగా, ఛాతీ మీద సాలీడు కాళ్ళలాంటి ఎర్రటి రక్తనాళాల గుర్తులు. కణతల దగ్గర కండ కరిగి గుంటలు పడ్డాయి. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం నీటితో నిండి ఉంది. బీపీ 104/60, జ్వరం లేదు. షుగర్ 148. మందులు వాడే షుగర్ పేషెంటు తికమక పడుతుంటే ఎవరైనా సరే ముందు చేయాల్సిన పని వేలి నుంచి చుక్క తీయడం. షుగర్ పడిపోయిన మనిషిని లివర్ జబ్బు అనుకుని కూర్చుంటే ప్రాణం మీదకి రావచ్చు.

రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు ఎడం చేసి, బస్సుని ఆపుతున్నట్టు మణికట్లు పైకెత్తమన్నాను. రెండు సెకన్లు నిలిచాయి. ఆ తర్వాత అరచేతులు చటుక్కున కిందికి జారి మళ్ళీ లేచాయి. మళ్ళీ జారాయి. ఇది వణుకు కాదు. కండరం ఒక్క క్షణం పట్టు వదిలేసి తిరిగి దొరకబుచ్చుకోవడం. పక్కనే ఉన్న నర్సమ్మాయితో, "దీన్ని బాగా చూసి పెట్టుకో, ఇంకెప్పుడూ మర్చిపోవు" అన్నాను. నోటి దగ్గరకి వంగితే ఒక వాసన. తడిసిన ఎండుగడ్డి వాసనకి కుళ్ళిన తీపి కలిసినట్టు ఉంటుంది. గంధకం ఉన్న మాంసకృత్తుల్ని పేగుల్లో బ్యాక్టీరియా విరగ్గొట్టగా పుట్టిన ఆవిరి అది. లివర్ బాగుంటే అక్కడే ఆగిపోవాలి. ఆయనకి ఊపిరితిత్తుల దాకా వచ్చి నోట్లోంచి బయటికి వస్తోంది.

హెపాటిక్ ఎన్‌కెఫలోపతీ, రెండో గ్రేడు. లివర్ పని చేయకపోవడం వల్ల మెదడుకు కమ్మే మత్తు అన్నమాట.

రక్తం రిపోర్టులు: బిలిరుబిన్ (పచ్చకామెర్ల అంకె) 2.9, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీను) 2.6, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతుందో చెప్పేది) 1.7, ప్లేట్‌లెట్లు 74,000, తెల్లకణాలు 6,800, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3, సోడియం 128, పొటాషియం 3.1. లివర్ ఎంత చెడిందో చూసే చైల్డ్ పగ్ లెక్కలో 12 మార్కులు, అంటే అన్నిటికన్నా చెడ్డదైన సి తరగతి. ఈ పరీక్షలో మార్కులు ఎక్కువ వస్తే ఫెయిలయినట్టు. ప్లేట్‌లెట్లు తక్కువ కాబట్టి ఎక్కడైనా పడి తలలో రక్తం గడ్డ కట్టిందేమోనని సీటీ తీయించాను, ఏమీ లేదు. అమ్మోనియా పరీక్ష చేయించలేదు. రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకి చేర్చకపోతే ఆ అంకె అబద్ధం చెప్తుంది. మా ఊళ్ళో ఆ పరీక్ష లేదు, గుంటూరు చేరేలోపు అది దొంగ రిపోర్టే అవుతుంది. అది మామూలుగా వస్తే రోగనిర్ధారణని అనుమానించాలి, అంతవరకే దాని ఉపయోగం. ఎక్కువగా వచ్చినా మత్తు ఎంత లోతుందో అది చెప్పదు. చేతుల ఊపు, ఆ పద్దుల పుస్తకం నాకు చాలనిపించింది.

బ్యాక్టీరియాకి ఇందులో పాత్ర ఏమిటి

వాళ్ళబ్బాయి సూటిగా అడిగాడు: "సార్, జబ్బు లివర్‌కి కదా, మరి మెదడు ఎందుకు ఇలా అయింది?" అతనికి చెప్పినదే ఇక్కడ ఇంకొంచెం విడమరిచి రాస్తాను.

2016లో వేసిన ఒక లెక్క ప్రకారం 70 కిలోల మగమనిషి ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియాలో దాదాపు అంతా పెద్దపేగులోనే కాపురం. మనకి అరగని పీచుని అవి తింటాయి, అరగని మాంసకృత్తుల్ని కూడా తింటాయి. ఆ రెండోది తిన్నప్పుడు వెలువడేదే అమ్మోనియా. ఇంకో దారి కూడా ఉంది. లివర్ అమ్మోనియాని యూరియాగా మార్చి రక్తంలోకి వదులుతుంది, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి తోసేస్తాయి. అయితే ఆ యూరియాలో దాదాపు నాలుగో వంతు తిరిగి పేగుల్లోకే చేరుతుంది. అక్కడ కొన్ని రకాల బ్యాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది యూరియాని మళ్ళీ అమ్మోనియాగా విరగ్గొడుతుంది. లివర్ కట్టిన మూటని పేగులు విప్పడం, లివర్ మళ్ళీ కట్టడం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ తంతు రోజంతా నడుస్తూనే ఉంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. అమ్మోనియా మొత్తం బ్యాక్టీరియా పనే అనుకోవద్దు, చిన్నపేగు గోడల్లోని మన కణాలు కూడా గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం నుంచి బాగానే తయారుచేస్తాయి.

పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకి వెళ్ళదు. పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కి వెళ్ళాలి. లివర్‌కి అందే రక్తంలో సుమారు మూడొంతులు ఈ దారినే వస్తుంది. అక్కడ రెండు పనులు జరుగుతాయి. లివర్ కణాలు అమ్మోనియాని పట్టి యూరియా చేస్తాయి. రక్తనాళాల గోడలకి అంటుకుని కూర్చున్న కుప్ఫర్ కణాలు, పేగుల నుంచి తప్పించుకొచ్చిన బ్యాక్టీరియాని, వాటి ముక్కల్ని మింగేస్తాయి. చెక్‌పోస్టు లాంటిది. సిర్రోసిస్‌లో చెక్‌పోస్టు సిబ్బంది తగ్గిపోతారు, అది ఒకటి. ఇంకోటి, లివర్ గట్టిపడి రక్తం లోపలికి పోలేక పక్కదారులు తొక్కుతుంది. అన్నవాహిక చుట్టూ, ప్లీహం చుట్టూ కొత్త నాళాలు తెరుచుకుంటాయి. పేగుల రక్తం చెక్‌పోస్టు ముఖం చూడకుండానే గుండెకీ, అక్కడి నుంచి మెదడుకీ వెళ్ళిపోతుంది.

పక్కదారి పట్టిన రక్తం మెదడుని ఏం చేస్తుందో చాలా ముందే తెలిసింది. 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ ఎక్ అనే సర్జన్ కుక్కల్లో పోర్టల్ సిరని నేరుగా పెద్ద సిరకి కలిపి కుట్టాడు. 1893లో పావ్లోవ్ బృందం అదే ఆపరేషన్ చేసిన కుక్కలకి మాంసం పెట్టి చూసింది. అవి చిరాకు పడి, తూలి, చూపు ఆనక, చివరికి స్పృహ తప్పాయి. గంట కొడితే కుక్కకి లాలాజలం ఊరుతుందని మనం స్కూల్లో చదువుకున్న పావ్లోవే ఈయన.

మెదడులోకి చేరిన అమ్మోనియాని ఆస్ట్రోసైట్లు అనే కణాలు గ్లూటమిన్‌గా మార్చి లోపల దాచుకుంటాయి. గ్లూటమిన్ నీటిని లాగుతుంది, కణాలు ఉబ్బుతాయి. ఆలోచన మందగిస్తుంది, రాత్రీ పగలూ తారుమారవుతాయి, అంకెలు గీత మీద నిలవవు. లివర్ చేతులెత్తేస్తే ఒంట్లోని కండరాలు కొంత అమ్మోనియాని మింగి ఆదుకుంటాయి. ఈయనకి ఆ కండరాలే కరిగిపోయాయి. ఎందుకు కరిగాయో తర్వాత చెప్తాను. పొటాషియం 3.1 అన్నాను కదా, అది పడిపోతే కిడ్నీలు కూడా తమ వంతుగా అమ్మోనియాని రక్తంలోకి వదులుతాయి. అదెందుకు పడిపోయిందంటే నీరు తీసే మాత్ర. ఆయన దాన్ని నెల రోజుల నుంచి, వాపు పోవడం లేదని సొంతంగా రెండింతలు వేసుకుంటున్నారు.

మొదటి అడ్మిషన్

"మోషన్ ఎప్పుడైంది?" అని అడిగితే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగు రోజులైందని తేలింది. నాలుగు రోజులుగా పేగుల్లో నిలవున్న సరుకు మీద బ్యాక్టీరియా పని చేస్తూనే ఉంది. మలబద్ధకం, డోసు దాటిన నీటి మాత్ర, నిద్రమాత్ర. మూడు కారణాలు ఒకేసారి దొరికాయి. నాకు తృప్తిగా అనిపించింది. ఆ తృప్తే కొంప ముంచింది.

నిద్రమాత్ర ఆపాం. నీటి మాత్రలు ఆపాం. పొటాషియం ఎక్కించాం. లాక్టులోజ్ 30 మిల్లీలీటర్లు రెండు గంటలకోసారి, మోషన్ అయ్యేదాకా. మత్తులో సరిగ్గా మింగలేకపోతున్నారని 300 మిల్లీలీటర్ల లాక్టులోజ్‌ని 700 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఎనిమా కూడా ఇచ్చాం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆయమ్మకి నేను ఇప్పటికీ బాకీ.

లాక్టులోజ్‌ని చాలామంది విరేచనాల మందనుకుంటారు. సగమే నిజం. మన చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు, అలాంటి చక్కెర అది. చెక్కుచెదరకుండా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ బ్యాక్టీరియాకి పండగ. అవి దాన్ని పులియబెట్టి లాక్టిక్, అసిటిక్ ఆమ్లాలు తయారుచేస్తాయి. పాలు తోడుకుని పులిసినట్టే పేగులో కూడా పులుపు పెరుగుతుంది. ఆ పులుపులో అమ్మోనియా అమ్మోనియంగా మారుతుంది, పేగు గోడ దాటలేక మలంతో పాటు బయటికి పోతుంది. పైగా మేత దొరికిన బ్యాక్టీరియా తమ సొంత పెరుగుదలకి నత్రజనిని వాడుకుంటాయి, అంటే విడిచిపెట్టేది తగ్గుతుంది. ఏ బ్యాక్టీరియా వల్ల మనిషి మత్తులో పడ్డాడో ఆ బ్యాక్టీరియా చేతనే విరుగుడు చేయించడం. పేగుల్లో బ్యాక్టీరియా లేని మనిషికి ఈ మందు ఉత్త విరేచనాల మందే.

మర్నాడు సాయంత్రానికి లేచి కూర్చున్నారు. మూడో రోజు కళ్ళజోడు అడిగి పేపరు చదివారు. చెక్కు సంగతి గుర్తొచ్చి కొడుకుని కేకలేశారు. ఐదో రోజు ఇంటికి పంపించేశాను.

నా తప్పు

పొట్టలో నీరున్న సిర్రోసిస్ పేషెంటు ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా, ఆ నీటిని సూదితో తీసి పరీక్షకి పంపాలి. జ్వరం ఉన్నా లేకపోయినా. నొప్పి ఉన్నా లేకపోయినా. మత్తుతో వస్తే మరీనూ. ఈ రూలు నేను జూనియర్లకి పాఠంగా చెప్తాను. అయినా ఈయనకి తీయలేదు. జ్వరం లేదు, పొట్ట నొక్కితే నొప్పి లేదు, తెల్లకణాలు 6,800. కారణాలు మూడు చేతిలో ఉన్నాయి, నాలుగోది ఎందుకు వెతకాలనిపించింది. ఐఎన్ఆర్ 1.7 ఉంది కదా, సూది వేస్తే రక్తం కారుతుందేమోనన్న జంకు కూడా ఓ మూల లేకపోలేదు. అది ఉత్త సాకు. ఆ అంకెలతో సన్నటి సూది వేయడానికి ప్లాస్మా ఎక్కించాల్సిన పని కూడా లేదు.

ఇంటికెళ్ళిన నాలుగో రోజు తిరిగొచ్చారు. ఈసారి గట్టిగా గిల్లితే గానీ కళ్ళు తెరవడం లేదు, తెరిచినా ఎవరినీ గుర్తుపట్టడం లేదు. మూడో గ్రేడు. జ్వరం 100. క్రియాటినిన్ 2.1కి ఎక్కింది. "మందు మానలేదండీ, మూడు పూటలా పట్టాను" అని ఆయన భార్య ప్రమాణం చేసినట్టు చెప్పారు. ఆవిడ మానలేదు, నేను మానాను, చేయాల్సిన పరీక్షని.

పది నిమిషాల్లో నీరు తీశాను. మబ్బుగా ఉంది, గంజి పైతేట లాగా. మంచం పక్కనే, బ్యాక్టీరియాని మొలిపించి చూసే రెండు బ్లడ్ కల్చర్ సీసాల్లోకి పదేసి మిల్లీలీటర్లు ఎక్కించాను. ఉత్త డబ్బాలో పోసి ల్యాబుకి పంపితే చాలాసార్లు ఏమీ మొలవదు, ఎందుకంటే ఈ జబ్బులో నీటిలో ఉండే బ్యాక్టీరియా చాలా కొద్ది. తక్కిన నీటిని మా టెక్నీషియన్ మైక్రోస్కోపు కింద చేత్తో లెక్కపెట్టాడు. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి, "సార్, కణాలు 1,840, అందులో 76 శాతం న్యూట్రోఫిల్సే" అన్నాడు. న్యూట్రోఫిల్స్ అంటే బ్యాక్టీరియాతో పోరాడే ఒక రకం తెల్లకణాలు, అవి 250 దాటితే చాలు ఇన్ఫెక్షన్ కింద లెక్క. ఈయనవి దాదాపు 1,400. స్పాంటేనియస్ బ్యాక్టీరియల్ పెరిటోనైటిస్. పేగుకి ఎక్కడా చిల్లు పడకుండానే పొట్ట నీటిలోకి బ్యాక్టీరియా చేరడం.

మొదటిసారి వచ్చినప్పటికే ఇది ఉందా, తర్వాత మొదలైందా? తేల్చే దారి లేదు. తేల్చే దారిని నేనే వదులుకున్నాను. కొడుకుతో ఆ రాత్రే చెప్పాను, "ఈ పరీక్ష మొదటి రోజే చేయాల్సింది, నేను చేయలేదు" అని. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇప్పుడేం చేయాలి సార్?" అని మాత్రం అడిగాడు.

పేగు గోడ ఎందుకు కారుతుంది

సిర్రోసిస్‌లో పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి పేగు గోడ ఉబ్బుతుంది, కణాల మధ్య బిగువు సడలుతుంది. పేగుల కదలిక మందగిస్తుంది, పైత్యరసం తగ్గుతుంది. పెద్దపేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా చిన్నపేగులోకి ఎగబాకి అక్కడ గుంపులు కడుతుంది. కొన్ని గోడ దాటి పక్కనున్న లింఫు గ్రంథుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్తాయి. చెక్‌పోస్టు ఎలాగూ ఖాళీ. పొట్టలో నిలవున్న నీటిలో బ్యాక్టీరియాని ఎదుర్కొనే ప్రోటీన్లు చాలా తక్కువ. ఈయన నీటిలో మొత్తం ప్రోటీను డెసిలీటరుకి 0.8 గ్రాములే. ఆ నీటిలో పడ్డ బ్యాక్టీరియాకి అడ్డు చెప్పేవాడు లేడు.

ఇంకో చిన్న మాత్ర సంగతి ఉంది. రెండోసారి మందుల సంచీ బోర్లించి చూస్తే ప్యాంటోప్రజోల్ పట్టీలు నాలుగు దొరికాయి. "అది మందు కాదు సార్, గ్యాస్ మాత్ర" అన్నాడు కొడుకు. ఐదేళ్ళుగా పరగడుపున ఒకటి వేస్తున్నారట. మొదటిసారి మందులు రాసిమ్మంటే అందుకే ఆ పేరు చెప్పలేదు. మన ఇళ్ళలో దీన్ని కరివేపాకులా వాడతారు, ఏ చీటీలో చూసినా పైన అదే ఉంటుంది. రాసే మేమూ తక్కువ తినలేదు. పొట్టలో పుట్టే ఆమ్లం నోటి నుంచి దిగే బ్యాక్టీరియాని కాల్చేసే మొదటి గుమ్మం. దాన్ని ఏళ్ళ తరబడి ఆర్పేస్తే చిన్నపేగులో గుంపు పెరుగుతుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్ళలో ఈ మాత్రలకి, పొట్ట నీటి ఇన్ఫెక్షన్‌కి, మెదడు మత్తుకి సంబంధం ఉన్నట్టు చాలా పరిశీలనల్లో కనిపించింది. అల్సర్ ఉంటే, రక్తపు వాంతులు ఆపడానికి అన్నవాహికలో ఉబ్బిన నాళాలకి బ్యాండ్లు వేస్తే కొన్నాళ్ళు తప్పకుండా వాడాలి. ఈయనకి అలాంటిదేమీ లేదు. ఆపేశాం.

మామూలుగా ఇలాంటి ఇన్ఫెక్షన్‌కి సెఫోటాక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌తో మొదలుపెట్టమని పుస్తకాలు చెప్తాయి. మన దగ్గర, అందులోనూ వారం కిందట ఆసుపత్రిలో పడుకున్న మనిషికి, నాకు ధైర్యం చాలలేదు. మందులకి లొంగని బ్యాక్టీరియా కావచ్చని, ఇంకా బలమైన యాంటీబయాటిక్ మెరోపెనెమ్ మొదలుపెట్టాను. మూడో రోజుకి కల్చర్ రిపోర్టు వచ్చింది: ఇ. కోలై అనే పేగు బ్యాక్టీరియా, సెఫలోస్పోరిన్లకి లొంగని రకం, మెరోపెనెమ్‌కి లొంగుతుంది. పేగులో ఉన్నంతకాలం అది కూడా ఇంటి మనిషే.

యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు. ఈ ఇన్ఫెక్షన్‌లో ప్రాణం తీసేది చాలాసార్లు కిడ్నీలు దెబ్బతినడమే. అందుకని ఆల్బుమిన్, మొదటి రోజు కిలోకి 1.5 గ్రాములు, మూడో రోజు కిలోకి 1 గ్రాము. 66 కిలోల మనిషికి మొదటి రోజే 20 గ్రాముల సీసాలు ఐదు. ఒక్కో సీసా వేలల్లో ఉంటుంది. ఇందులో తగ్గిద్దామా అని అడిగే కుటుంబాలు ఉంటాయి, అడగడంలో తప్పు లేదు. నేను మాత్రం, వేరే స్కానులు ఏవైనా మానుకుందాం గానీ ఇది వద్దనకండి అని చెప్తాను. 48 గంటల తర్వాత మళ్ళీ నీరు తీస్తే న్యూట్రోఫిల్స్ 310కి పడ్డాయి. క్రియాటినిన్ ఐదో రోజుకి 1.2. మత్తు ఆరో రోజుకి విడింది.

పప్పు మానేసిన ఇల్లు

కండ ఎందుకు కరిగిందో చెప్తానన్నాను. రెండేళ్ళ కిందట లివర్ జబ్బు అనగానే ఇంట్లో పత్యం మొదలైంది. చారన్నం, మజ్జిగన్నం, బీరకాయ. పప్పు వేడి అని మానేశారు, గుడ్డు పచ్చదనం పెంచుతుందని మానేశారు, పెరుగు వాతమని మానేశారు. ఆ పైన ఎవరో చదువుకున్న బంధువు "ప్రోటీన్ తింటే అమ్మోనియా పెరుగుతుంది" అని చెప్పాడు. ఆ మాట ఒకప్పుడు డాక్టర్లం మేమూ చెప్పిందే. పావ్లోవ్ కుక్కల దగ్గర మొదలైన భయం అది, వందేళ్ళు నడిచింది. ప్రోటీన్ తగ్గించినా మత్తు త్వరగా వదలదని, కండ మాత్రం పోతుందని 2004లో స్పెయిన్‌లో చేసిన ట్రయల్ చూపించింది. ఇప్పుడు కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ పెట్టమనే చెప్తారు. ఈయన లెక్కలో రోజుకి 75 గ్రాములకి పైనే.

ఆయన భార్యకి గ్రాములు చెప్తే ప్రయోజనం లేదని గిన్నెల్లో చెప్పాను. రెండు పూటలా గట్టి పప్పు, మధ్యాహ్నం కప్పు పెరుగు, పొద్దున రెండు గుడ్లు, సాయంత్రం గుగ్గిళ్ళు. రాత్రి పదింటికి పడుకోబోయే ముందు ఒక గిన్నె పెరుగన్నం గానీ, పాలూ రొట్టె గానీ తప్పనిసరి. సిర్రోసిస్ ఉన్నవాళ్ళ లివర్‌లో చక్కెర నిల్వ చాలా తక్కువ. ఒక్క రాత్రి ఖాళీ కడుపు వాళ్ళకి మనం రెండు మూడు రోజులు పస్తున్నంత పని చేస్తుంది, ఒళ్ళు కండని కరిగించుకుని తింటుంది. ఆవిడ మధ్యలో ఆపి, "పప్పు వేడి చెయ్యదాండీ?" అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ లేదనే చెప్పాను. ఉప్పు తగ్గించాలన్నప్పుడు మాత్రం పెద్దాయన మంచం మీద నుంచే, "ఆవకాయ కూడానా?" అన్నారు. పల్నాడులో ఈ ప్రశ్నకి అవునని చెప్పడం కన్నా మెరోపెనెమ్ రాయడం సులువు.

ఇంటికి పంపేటప్పుడు రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు కలిపాం. ఈ యాంటీబయాటిక్ రక్తంలోకి దాదాపు ఎక్కదు, పేగులోనే ఉండిపోతుంది. 2010లో వచ్చిన 299 మంది ట్రయల్లో ఆరు నెలల్లో మత్తు తిరగబెట్టింది మందు లేని ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళలో 45.9 శాతానికి, ఇది తీసుకున్నవాళ్ళలో 22.1 శాతానికి. వాళ్ళలో ఎక్కువమంది లాక్టులోజ్ కూడా తాగుతూనే ఉన్నారు. ఒకప్పుడు ఇదే పనికి నియోమైసిన్ వాడేవారు, చెవులు, కిడ్నీలు పోతాయని వదిలేశారు. పొట్ట నీటి ఇన్ఫెక్షన్ మళ్ళీ రాకుండా మామూలుగా నార్‌ఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. ఈయన బ్యాక్టీరియా ఆ జాతి మందులకీ లొంగదని రిపోర్టులో ఉంది, కాబట్టి ఇచ్చి లాభం లేదు. హైదరాబాద్‌లోని లివర్ డాక్టర్లతో మాట్లాడి, రిఫాక్సిమిన్ మీదే ఉంచి జాగ్రత్తగా చూద్దామనుకున్నాం. ఈ వాడకానికి రుజువు అంత గట్టిది కాదని వాళ్ళకి కూడా తెలుసు, కొడుకుకి కూడా చెప్పాం.

లాక్టులోజ్‌తో అసలు చిక్కు కొట్లో ఎదురైంది. కొట్టుకి మరుగుదొడ్డి లేదు. మందు తాగితే కడుపుబ్బరం, గ్యాస్, గల్లాపెట్టె ముందు కూర్చోలేని పరిస్థితి. ఆయన మధ్యాహ్నం డోసు ఎగ్గొట్టేవారు. మేం పొద్దున ఐదింటికి ఒకటి, కొట్టు మూశాక ఒకటి, పడుకునే ముందు ఒకటి అని మార్చాం. గురి డోసు కాదు, రోజుకి రెండు మూడు మెత్తటి మోషన్లు. ఐదారు దాటితే మందు తగ్గించాలి, లేకపోతే ఒంట్లో నీరు తగ్గి, సోడియం పెరిగి అదే మత్తు ఇంకో దారిలో వస్తుంది.

ఆయన భార్య పాత పద్దుల పుస్తకాన్నే వెనక వైపు నుంచి తిప్పి వాడుతున్నారు. తేదీ, పక్కన మోషన్లకి నిలువు గీతలు, చివర ఆయన చేత రోజూ పొద్దున పెట్టించిన సంతకం. ఆ సంతకం ఆలోచన ఆవిడదే. మేం ఆసుపత్రిలో నక్షత్రం గీయించి, చుక్కలు కలిపించి చూసేది అదే కదా. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కపెట్టే పరీక్ష కూడా ప్రతిసారీ చేస్తాను. రెండో డిశ్చార్జి రోజున ఆవు, గేదె, మేక, కుక్క, మళ్ళీ గేదె, పిల్లి, కోతి అని ఆగిపోయారు. పది లోపు అంటే ఇంకా మంచు విడలేదని. మూడు నెలలకి 11. పోయిన నెల 14 చెప్పి, పదిహేనోదిగా "మా బావమరిది" అన్నారు. లెక్కలో వేసుకోలేదు.

ఇలాంటి ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చిందంటే లివర్ మార్పిడికి పంపాల్సిన టైము వచ్చినట్టే. చనిపోయినవారి అవయవాలని కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించడానికి హైదరాబాద్ పంపాం. కొడుకు తన లివర్‌లో ముక్క ఇస్తానని పరీక్షలు చేయించుకున్నాడు. 34 ఏళ్ళు, ఏ అలవాటూ లేదు. రిపోర్టులో రెండో గ్రేడు ఫ్యాటీ లివర్. ఈ స్థితిలో దాతగా పనికిరాడని పంపేశారు. ఆ రిపోర్టు నా బల్ల మీద పెట్టినప్పుడు తండ్రికి వచ్చిన జబ్బు గురించి మొదటిసారి తన కోసం ప్రశ్నలు అడిగాడు. ఇప్పటికి తొమ్మిది కిలోలు తగ్గాడు, వచ్చే నెల మళ్ళీ స్కాన్ ఉంది.

పద్దుల పుస్తకంలో పదకొండు నెలల్లో ఒక్కచోట సంతకం వంకరపోయింది. బంధువుల పెళ్ళికి వెళ్ళి రెండు రోజులు మందు తాగలేదు, ఆ రెండు తేదీల పక్కన నిలువు గీతలు కూడా లేవు. ఆవిడ అది చూసి, నాకు ఫోన్ చేసేలోపే డోసు పెంచి పట్టేశారు. మర్నాటి సంతకం మామూలుగానే ఉంది.